బతికున్న బ్యాక్టీరియా ఏఎఫ్‌ఎం టిప్ కింద నిలబడటం లేదు, ఆరబెట్టేయమంటున్నారు. ఏం చెయ్యాలి?

సిరిపురం_స్కాలర్

మాది వైజాగ్‌లోనే ఒక మైక్రోబయాలజీ ల్యాబ్. ఈ.కోలి మీద ఒక యాంటీమైక్రోబియల్ పెప్టైడ్ (సూక్ష్మజీవుల్ని చంపే చిన్న ప్రోటీన్ ముక్క) పడితే దాని పైపొర ఎలా మారుతుందో, కణం బతికుండగానే ఏఎఫ్‌ఎంతో (అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్, సన్నటి టిప్‌తో ఉపరితలాన్ని తడిమి బొమ్మ తీసేది) చూడాలన్నది నా పని. కణాలేమో నిలబడటం లేదు. మైకా (చదునైన అభ్రకం పలక) మీద కణాల్ని పట్టి ఉంచే పాలీ-ఎల్-లైసీన్ పూసి, కణాలు వేసి, బఫర్‌తో కడిగి పెడుతున్నాను. ఆప్టికల్ మైక్రోస్కోప్‌లో చూస్తే బాగానే అతుక్కుని ఉంటాయి. టిప్ దించి స్కాన్ మొదలుపెట్టగానే బొమ్మలో సగం కణం, మిగతా సగం ఖాళీ మైకా. ఒక్కోసారి అడ్డగీతలు తప్ప ఇంకేమీ రాదు.

రివ్యూ కమిటీలో ఒక సార్ "ఎందుకమ్మా ఇంత గోల, గ్లూటరాల్డిహైడ్‌లో ఫిక్స్ చేసి, ఆరబెట్టి, గాలిలో స్కాన్ చెయ్యి, బ్రహ్మాండమైన బొమ్మ వస్తుంది" అన్నారు. ఆ మాట నాకు మింగుడు పడటం లేదు. చచ్చి ఆరిపోయిన కణం మీద పెప్టైడ్ పని చేయడం ఎలా చూస్తాను? లిక్విడ్‌లో చేసిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. వచ్చే రివ్యూ తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

గాజువాక_ఫిజిక్స్

ముందు రెండు విషయాలు చెప్పండి. ఏ మోడ్‌లో స్కాన్ చేస్తున్నారు? కాంటిలీవర్ (టిప్‌ని మోసే పట్టీ) స్ప్రింగ్ కాన్‌స్టెంట్, అంటే గట్టిదనం, ఎంత?

సిరిపురం_స్కాలర్

కాంటాక్ట్ మోడ్. సిలికాన్ నైట్రైడ్ కాంటిలీవర్, పెట్టె మీద 0.35 న్యూటన్/మీటర్ అని ఉంది. ల్యాబ్‌లో ఉన్నవి ఇవే.

గాజువాక_ఫిజిక్స్

బతికున్న కణానికి అది బాగా గట్టిది. 0.01 నుంచి 0.06 మధ్యలో ఉండేవి తెప్పించండి. కాంటాక్ట్ మోడ్‌లో టిప్ కిందికి నొక్కుతూనే పక్కకీ తోస్తుంది. మీ కణాల్ని లేపేస్తున్నది ఆ పక్క తోపే. ఈ.కోలి ఎత్తు ఒక మైక్రాన్‌కి కాస్త అటూ ఇటూ. చదునైన మైకా మీద వస్తున్న టిప్‌కి అది నిటారుగా ఎదురవుతుంది, ఫీడ్‌బ్యాక్ అందుకుని టిప్‌ని పైకి లేపేలోపే గుద్దుకుంటుంది.

మీ మెషీన్‌లో ప్రతి పిక్సెల్ దగ్గరా ఒకసారి తాకి, పైకి లేచి, ఆ తర్వాత పక్కకి జరిగే ఫోర్స్ కర్వ్ మోడ్ ఉంటే దాన్నే వాడండి. పక్క తోపు దాదాపు ఉండదు. బలం కొన్ని వందల పికోన్యూటన్లు దాటనివ్వకండి. పెట్టె మీద నంబర్‌ని కూడా నమ్మకండి, థర్మల్ ట్యూన్ చేసి (వేడికి దానంతటది వణికే తీరు చూసి) మీ కాంటిలీవర్‌ని మీరే కొలుచుకోండి.

మద్దిలపాలెం_డిగ్రీ

మధ్యలో వచ్చాను, ఏమనుకోకండి. నేను బీఎస్సీ సెకండియర్. ఏఎఫ్‌ఎంలో లెన్సే ఉండదంటారు, మరి బొమ్మ ఎలా వస్తుంది?

ఎండాడ_మేడమ్

మంచి ప్రశ్నే తమ్ముడూ. కాంటిలీవర్ అంటే వెంట్రుక కంటే పల్చగా ఉండే చిన్న పట్టీ. దాని కొసన కొన్ని నానోమీటర్ల మొన ఉన్న టిప్. పట్టీ వీపు మీద లేజర్ పడుతుంది, అక్కడి నుంచి ఫోటోడయోడ్‌కి వెళ్తుంది. టిప్ ఉపరితలాన్ని తాకి పట్టీ కాస్త వంగినా ఫోటోడయోడ్ మీద లేజర్ చుక్క జరుగుతుంది. వంపు మారకుండా పీజో (కరెంటు ఇస్తే కదిలే స్ఫటికం) టిప్‌ని (కొన్ని మెషీన్లలో శాంపిల్‌ని) పైకీ కిందికీ కదుపుతుంది. ఒక్కో చోట ఎంత కదిపిందో రాసుకుంటూ పోతే ఎత్తుపల్లాల పటం వస్తుంది. అదే నువ్వు చూసే బొమ్మ.

1986లో బినిగ్, క్వేట్, గెర్బర్ దీన్ని తెచ్చారు. అంతకుముందు బినిగ్, రోరర్ చేసిన ఎస్‌టీఎంకి (స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్) కరెంటు ప్రవహించే శాంపిల్ కావాలి, బ్యాక్టీరియాతో అది కుదరదు. ఏఎఫ్‌ఎంకి ఆ షరతు లేదు, నీళ్లలో మునిగి కూడా పని చేస్తుంది. మాలాంటి మైక్రోబయాలజీ వాళ్లు దీని వెంట పడ్డది ఆ కారణం వల్లే.

మద్దిలపాలెం_డిగ్రీ

అర్థమైంది మేడమ్, చాలా థాంక్స్. మా సిలబస్‌లో దీనికి రెండు లైన్లే ఉన్నాయి.

ఎలక్ట్రాన్_బీమ్

కమిటీ సార్ చెప్పినదాంట్లో తప్పేముందో నాకు అర్థం కాలేదు. పెప్టైడ్ ఇచ్చిన కణాల్ని వేర్వేరు నిమిషాల దగ్గర ఫిక్స్ చేసి ఎస్‌ఈఎంలో (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) పెడితే వందల కణాలు ఒకేసారి కనిపిస్తాయి. ఏఎఫ్‌ఎంలో రోజంతా కూర్చున్నా నాలుగైదు కణాలు దాటవు. ఆ నాలుగింటిని చూసి తీర్మానం రాస్తే గణాంకాలు తెలిసిన రివ్యూయర్ ఒప్పుకుంటాడా?

సిరిపురం_స్కాలర్

లెక్క విషయంలో మీరన్నది నిజమే. కానీ ఫిక్స్ చేస్తే నిమిషానికో వేరే కణాన్ని చూస్తున్నట్టు. ఒకే కణం మొదట్నుంచి చివరి దాకా ఏమైందన్నది తెలియదు కదా?

ఫిషింగ్‌హార్బర్_బాబ్జీ

ఎలక్ట్రాన్ గారూ, పొద్దున్నే మా హార్బర్‌కి ఒకసారి రండి. ఒక పక్క వలలో ఎగిరే చేప, ఇంకో పక్క ఇసుకలో ఎండేసిన చేప. ఎండుచేప చర్మం చూసి బతికున్న చేప ఒంటి జిగురు ఎలా ఉంటుందో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? చేప చేపే, కానీ మనం అడిగేది ఆ జిగురు గురించి.

ఎలక్ట్రాన్_బీమ్

బాబ్జీ గారూ, పొద్దున్నే ఆకలి పుట్టించారు. పోలిక బాగుంది. లెక్క మాట మాత్రం అలాగే ఉంది.

ఎండాడ_మేడమ్

ఎలక్ట్రాన్_బీమ్ గారి లెక్క ప్రశ్న సరైనదే, దానికి మళ్లీ వస్తాను. ముందు బతికున్న ఉపరితలం చూడటం వల్ల ఏం దొరికిందో చెప్పాలి.

సిరిపురం_స్కాలర్ చేయబోయే పనికి దగ్గరగా 2010లోనే ఒకటి జరిగింది. ఫాంట్నర్ బృందం సీఎం15 అనే పెప్టైడ్ ఇచ్చి, ఒక్కొక్క ఈ.కోలి కణాన్ని 13 సెకన్లకో బొమ్మ చొప్పున హైస్పీడ్ ఏఎఫ్‌ఎంతో చూసింది. నున్నగా ఉన్న పైపొర ముడతలు పడటం కనిపించింది. ముఖ్యమైనది ఏంటంటే, చావు రెండు దశల్లో ఉంది. మొదటిది ఎదురుచూపు దశ, అది ఒక్కో కణానికి ఒక్కోలా ఉంటుంది. కొన్నింటికి సెకన్లు, కొన్నింటికి నిమిషాలు. ఆ దశ దాటాక మార్పు మాత్రం వేగంగా అయిపోతుంది. ఇప్పుడు ఆలోచించండి: ఐదో నిమిషంలో ఫిక్స్ చేసిన వెయ్యి కణాల ఎస్‌ఈఎం బొమ్మలో సగం ముడతలు, సగం నునుపు కనిపిస్తాయి. దాన్నుంచి "సగం కణాలకి నిరోధకత ఉంది" అని కూడా రాయొచ్చు, "అన్నీ నెమ్మదిగా చస్తున్నాయి" అని కూడా రాయొచ్చు. ఒకే కణాన్ని వెంబడిస్తే తప్ప ఆ తేడా బయటపడదు.

ఆస్పర్‌జిల్లస్ అనే బూజు స్పోర్లదీ ఇదే కథ. నిద్రలో ఉన్న స్పోరు మీద హైడ్రోఫోబిన్ ప్రోటీన్ల సన్నని కడ్డీలు పక్కపక్కనే పేర్చి ఉంటాయి, దాదాపు 10 నానోమీటర్ల మందం. మొలకెత్తడం మొదలయ్యాక ఆ పొర చెదిరిపోయి, కింద ఉన్న మెత్తటి పాలీశాకరైడ్ బయటపడుతుంది. ఇది అదే స్పోరు మీద, లిక్విడ్‌లోనే చూశారు. బెల్జియంలో దుఫ్రేన్ ల్యాబ్ ఈ తరహా పని చాలా చేసింది.

2017లో మైకోబ్యాక్టీరియా మీద వచ్చిన పని నాకు అన్నింటికంటే ఇష్టం. కణం ఒంటి మీద అలల్లాంటి ఎత్తుపల్లాలు ఉన్నాయని, తర్వాత కణం విడిపోయేది ఆ పల్లాల దగ్గరే అని గంటల తరబడి స్కాన్ చేసి చూపించారు. క్షయ కారక జీవి చుట్టాల గురించి అంతకుముందు ఎవరికీ కనిపించని సంగతి అది.

ఇక లెక్క. ఎస్‌ఈఎం పక్కన పెట్టక్కర్లేదు, కంట్రోల్‌గా వాడండి. ఏఎఫ్‌ఎంలో తక్కువ కణాలు లోతుగా, ఎస్‌ఈఎంలోనో ఫ్లోరెసెన్స్‌లోనో ఎక్కువ కణాలు పైపైన. రెండూ ఉంటే ఏ రివ్యూయర్ అయినా దారికొస్తాడు.

ఎలక్ట్రాన్_బీమ్

ఎదురుచూపు దశ సంగతి నాకు కొత్త. అలా అయితే ఫిక్స్ చేసిన శాంపిల్‌తో టైమ్ కోర్స్ రాసేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. ఒప్పుకుంటాను.

డ్యూటీ_డాక్టర్

వార్డులో పనిచేసేవాడిగా అడుగుతున్నా. దీనివల్ల నా పేషెంట్‌కి ఏం ఒరుగుతుంది? కల్చర్, సెన్సిటివిటీ రిపోర్ట్ రావడానికే రెండు మూడు రోజులు పడుతోంది. ఈలోపు ఊహించి యాంటీబయాటిక్ మొదలుపెట్టేస్తున్నాం.

ఎండాడ_మేడమ్

డాక్టర్ గారూ, సరిగ్గా ఆ ఆలస్యం మీదే ఒక దారి ఉంది. 2013లో స్విట్జర్లాండ్‌లో కాంటిలీవర్ మీదే బ్యాక్టీరియాని అతికించి, అది ఎంత వణుకుతోందో కొలిచారు. బతికున్నంతసేపు సన్నటి కదలికలు ఉంటాయి. పనిచేసే యాంటీబయాటిక్ ఇస్తే నిమిషాల్లో ఆ కదలిక పడిపోయింది, నిరోధకత ఉన్న స్ట్రెయిన్‌లో ఆగలేదు. రేపే మీ వార్డుకి వచ్చే మెషీన్ అని చెప్పను, కానీ పెరుగుదల కోసం ఎదురుచూడకుండా కొలవొచ్చన్నది రుజువైంది.

గాజువాక_ఫిజిక్స్

డాక్టర్ గారికి ఇంకోటి. కాథెటర్ల మీద చేరే స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. దాని ఎస్‌డీఆర్‌జీ అనే ప్రోటీన్ మన రక్తంలోని ఫైబ్రినోజెన్‌ని పట్టుకునే బలాన్ని ఏఎఫ్‌ఎంతో కొలిస్తే దాదాపు 2 నానోన్యూటన్లు వచ్చింది. ల్యాబుల్లో గట్టి పట్టుకి ఉదాహరణగా చెప్పే బయోటిన్, స్ట్రెప్టావిడిన్ జంట సాధారణంగా 200 పికోన్యూటన్ల దగ్గరే విడిపోతుంది. అంటే పది రెట్లు. రసాయన బంధం తెగే స్థాయి అది. కాథెటర్‌ని కడిగితే పోదెందుకో ఈ ఒక్క అంకె చెబుతుంది.

డ్యూటీ_డాక్టర్

2 నానోన్యూటన్లా! మేం లైన్ తీసి మార్చేస్తాం తప్ప ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. చాలా బాగుంది.

డాల్ఫిన్స్‌నోస్_పెయింట్స్

నేను ఓడల అడుగు పెయింట్ల పనిలో ఉండి రిటైరయ్యాను. మీరు ఆసుపత్రి చెబుతున్నారు, నేను ఓడ చెబుతాను. డ్రైడాక్‌లోకి ఓడ ఎక్కితే గుల్లలు అందరికీ కనిపిస్తాయి. వాటికంటే ముందు చేరేది పచ్చగా, గోధుమరంగులో జారే పాచి. అందులో డయాటమ్‌లు (ఒకే కణంతో ఉండే నాచు జీవులు) ఉంటాయి. రాగి కలిపిన పెయింట్‌ని కూడా కొన్ని జాతులు తట్టుకుంటాయి. పూర్వం టీబీటీ (ట్రైబ్యూటైల్ టిన్) పెయింట్ ఉండేది, సముద్ర జీవులకి హాని అని అంతర్జాతీయ ఒప్పందం 2008 సెప్టెంబర్‌లో అమల్లోకి వచ్చి దాన్ని ఆపేసింది. అప్పట్నుంచి అందరం ఈ జిగురుతోనే కుస్తీ పడుతున్నాం. ఈ ఏఎఫ్‌ఎంతో ఆ జిగురుని కొలవొచ్చా?

ఎండాడ_మేడమ్

కొలిచారండీ. బతికున్న డయాటమ్ మీద టిప్ దించి, వెనక్కి లాగారు. 2005లో టాక్సేరియం అండ్యులేటం అనే సముద్రపు డయాటమ్‌తో చేసిన పనిలో, లాగుతుంటే ఫోర్స్ కర్వ్ రంపపు పళ్లలా, ఒకే ఎడంతో పదేపదే ఎక్కి పడింది. అంటే ఆ జిగురు పోగులో మడతలు ఉన్న ప్రోటీన్ ముక్కలు వరసగా ఉన్నాయి. లాగేకొద్దీ ఒక్కో మడత విప్పుకుంటూ పోగు తెగకుండా సాగుతుంది. వదిలితే మళ్లీ ముడుచుకుంటుంది కూడా.

డాల్ఫిన్స్‌నోస్_పెయింట్స్

అదన్నమాట! అందుకే నీళ్ల జెట్ కొడితే గుల్ల ఎగిరిపోయినా పాచి సాగి సాగి అక్కడే ఉండిపోయేది. ఇన్నేళ్లూ చేత్తో తడిమి చూసిన దానికి ఇప్పుడు కారణం దొరికింది. మీకు వెయ్యి దండాలు మేడమ్.

బీచ్‌రోడ్_నైట్‌షిఫ్ట్

అసలు ప్రశ్నకి వద్దాం. సిరిపురం గారూ, మెషీన్ ఏ అంతస్తులో ఉంది? ఏసీ గాలి నేరుగా దాని మీద పడుతోందా?

సిరిపురం_స్కాలర్

రెండో అంతస్తు. ఏసీ ఎదురుగానే ఉంది. కింద రోడ్డు మీద పోర్టు వైపు లారీలు తిరుగుతూనే ఉంటాయి.

బీచ్‌రోడ్_నైట్‌షిఫ్ట్

అయితే సగం రోగం అక్కడే ఉంది. కుదిరితే గ్రౌండ్ ఫ్లోర్‌కి మార్పించండి. కుదరకపోతే బరువైన గ్రానైట్ పలకని ఎలాస్టిక్ తాళ్లకి వేలాడదీసి దాని మీద హెడ్ పెట్టండి, ఖరీదైన టేబుల్ కొనే స్తోమత లేని ల్యాబుల్లో చాలాచోట్ల ఇదే చేస్తారు. లారీలు తగ్గాక, రాత్రి పది దాటాక కూర్చుంటే శబ్దం స్థాయిలో తేడా మీకే కనిపిస్తుంది.

ఏసీ గురించి ఇంకో మాట. బయట ఎంత ఉక్కపోతగా ఉన్నా ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది. టిప్ కింద ఉన్న బఫర్ బొట్టు ఆవిరవుతూ ఉంటే ఉప్పు గాఢత పెరుగుతుంది, కణం కుంచించుకుపోతుంది. మీరు అది పెప్టైడ్ వల్ల అనుకునే ప్రమాదం ఉంది. మూసి ఉన్న లిక్విడ్ సెల్ వాడండి, లేదా చుట్టూ తడి దూది పెట్టి మూత వేయండి. లిక్విడ్ పోశాక కాంటిలీవర్ వేడికి సర్దుకునేదాకా కాసేపు వదిలేయండి. బంగారు పూత ఉన్న పట్టీ కొద్దిపాటి వేడి తేడాకే వంగుతుంది.

ఫిషింగ్‌హార్బర్_బాబ్జీ

రాత్రి పది దాటాక బీచ్‌రోడ్‌లో లారీలు తగ్గుతాయేమో గానీ ఐస్‌క్రీమ్ బళ్లు తగ్గవండీ. జాగ్రత్త!

కణజాలం

అందరూ మెషీన్ గురించే చెబుతున్నారు. నాకు అసలు పాలీ-ఎల్-లైసీన్ దగ్గరే అభ్యంతరం. సిరిపురం గారూ, మీ పెప్టైడ్‌కి పాజిటివ్ ఛార్జ్ ఉంటుంది కదా? నెగెటివ్‌గా ఉన్న పైపొరని పట్టుకుని దాన్ని చీలుస్తుంది. పాలీ-ఎల్-లైసీన్ కూడా పాజిటివే, అది కూడా పైపొరని దెబ్బతీయగలదు. మీ కణం పెప్టైడ్ రాకముందే కింది వైపు నుంచి అలాంటి దెబ్బే తింటోంది. ఎంత అందమైన బొమ్మ వచ్చినా, ముడతలు దేనివల్లో ఎలా చెబుతారు?

గాజువాక_ఫిజిక్స్

గాఢత తగ్గిస్తే సరిపోతుంది కదా? చాలామంది దాంతోనే చేశారు.

కణజాలం

చాలామంది చేశారు, నిజమే. కణం పొడవు, ఎత్తు చూడటానికైతే నేనూ ఏమీ అనను. యాంటీమైక్రోబియల్ పెప్టైడ్ చదువుతూ, అదే పని చేసే పదార్థం మీద కణాన్ని కూర్చోబెట్టడం నాకు నచ్చదు. కనీసం పెప్టైడ్ లేకుండా అదే అతుకు మీద అంతసేపు స్కాన్ చేసి, కణం విడిపోయి రెండవడం చూపించాలి.

జెలటిన్ ప్రయత్నించండి. 0.5 శాతం జెలటిన్ ద్రావణం 60 డిగ్రీల దగ్గర ఉండగా అప్పుడే పొర ఊడదీసిన మైకాని ముంచి తీసి, నిలబెట్టి రాత్రంతా ఆరనివ్వండి. పంది చర్మపు జెలటిన్ బాగా పనిచేస్తుంది. కణాల బొట్టు వేసి, కాసేపాగి కడిగేయండి. చిక్కల్లా ఉప్పుతో. ఉప్పు ఎక్కువైతే జెలటిన్ పట్టు సడలుతుంది. ఉత్త నీళ్లు పోస్తే పట్టు బాగుంటుంది, కణానికి మాత్రం ఆస్మాటిక్ షాక్ (నీళ్లు ఒక్కసారిగా లోపలికి దూరడం). తక్కువ ఉప్పు బఫర్‌లో అతికించి, నెమ్మదిగా మీ ప్రయోగం బఫర్‌కి మార్చండి. లోహ అయాన్లని పట్టి లాగేసే ఈ.డీ.టీ.ఏ. దగ్గరికి రానివ్వకండి. పైపొరలోని ఎల్‌పీఎస్ (లైపోపాలీశాకరైడ్) అణువుల్ని కలిపి ఉంచేది మెగ్నీషియం, కాల్షియం. వాటిని లాగేస్తే పైపొర దానంతటదే వదులవుతుంది.

స్ట్రెయిన్ కూడా చూసుకోండి. ఫ్లాజెల్లా (ఈదడానికి వాడే తోకలు) తిరిగే స్ట్రెయిన్ అయితే ఏ జిగురూ ఆపలేదు, ఫ్లాజెల్లా లేని మ్యూటెంట్ తీసుకోండి. సెంట్రిఫ్యూజ్ వేగం తగ్గించండి, గట్టిగా తిప్పితే పిలి (కణం మీది సన్నటి పోగులు) తెగిపోతాయి.

నీటిబొట్టు

ఫిల్టర్ పద్ధతి ఎవరూ చెప్పలేదేం? పాలీకార్బొనేట్ మెంబ్రేన్ రంధ్రాల్లో కణాల్ని ఇరికిస్తే ఏ రసాయనమూ అక్కర్లేదు. నేను ఈస్ట్‌తో అదే చేస్తాను, హాయిగా ఉంటుంది.

కణజాలం

ఈస్ట్‌కి, స్టెఫిలోకాకస్‌కి అది ఉత్తమం, గుండ్రంగా ఉంటాయి కాబట్టి. ఈ.కోలి కడ్డీ ఆకారం, రంధ్రంలో నిలువుగా దూరితే కొస ఒక్కటే కనిపిస్తుంది, అడ్డంగా పడితే అసలు ఇరుక్కోదు.

సిరిపురం_స్కాలర్

పాలీ-ఎల్-లైసీన్ గురించి కణజాలం గారు చెప్పింది మా గ్రూపులో ఎవరూ అనలేదు. ఇంకో సందేహం. గైడ్ గారు యంగ్ మాడ్యులస్ (పదార్థం గట్టిదనం కొలత) కూడా ఇవ్వమంటున్నారు. పెప్టైడ్‌కి ముందు, తర్వాత.

గాజువాక_ఫిజిక్స్

ఇక్కడ నేను కాస్త గట్టిగా చెబుతాను. హెర్ట్జ్ మోడల్‌లో (నొక్కిన బలం నుంచి గట్టిదనం లెక్కకట్టే సూత్రం) పెట్టి మెగాపాస్కల్స్‌లో అంకె రాయడం సులభం. ఆ మోడల్ ఊహించుకునేది లోతంతా ఒకే పదార్థంతో ఉన్న దిమ్మ. బ్యాక్టీరియా అంటే లోపలి నుంచి ఒత్తిడితో బిగిసిన పల్చటి గోడ. మీరు నొక్కినప్పుడు గోడ ఎంత వంగింది, లోపలి టర్గర్ (ఆ ఒత్తిడి) ఎంత ఎదురొచ్చింది, రెండూ కలిసే వస్తాయి. ఆ టర్గర్ ఎంతన్నదే తేలలేదు. పాత అంచనాలు ఒకటి నుంచి మూడు అట్మాస్ఫియర్లు అన్నాయి. 2011లో ఏఎఫ్‌ఎంతోనే ఈ.కోలిని నొక్కి కొలిస్తే దాదాపు 30 కిలోపాస్కల్స్ వచ్చింది, అంటే అట్మాస్ఫియర్‌లో మూడో వంతు కూడా లేదు. పెప్టైడ్ రంధ్రం చేస్తే టర్గర్ పడిపోతుంది. కణం మెత్తబడితే "గోడ మెత్తబడింది" అని రాయకండి.

ఎండాడ_మేడమ్

గాజువాక గారితో సగం ఏకీభవిస్తాను. అసలు అంకె మీద నమ్మకం తక్కువే. ఒకే కణం మీద, అదే టిప్‌తో, ముందు తర్వాత తేడా మాత్రం పనికొచ్చేదే. లైసోస్టాఫిన్ ఇచ్చిన స్టెఫిలోకాకస్ ఆరియస్ ఉబ్బి మెత్తబడటం అలాగే చూపించారు, అక్కడ ఎంజైమ్ గోడనే తింటుందని ముందే తెలుసు కాబట్టి అర్థం చెప్పడం కుదిరింది. మీరు మాడ్యులస్ బదులు న్యూటన్/మీటర్‌లో కణపు స్టిఫ్‌నెస్ ఇవ్వండి, ఫోర్స్ కర్వ్‌లు కూడా జతచేయండి. చదివేవాళ్లు సొంతంగా చూసుకుంటారు.

ఎలక్ట్రాన్_బీమ్

ఇంకొకటి అడగాలి, ఇది గొడవకి కాదు. స్కాన్ చేశాక కణం బతికే ఉందని ఏంటి గ్యారంటీ? టిప్పే చంపేసి ఉండొచ్చు.

కణజాలం

అడగాల్సిన ప్రశ్న ఇదే. స్కాన్ అయ్యాక సిటో 9, ప్రొపిడియం అయోడైడ్ అనే మెరిసే రంగులు కలిపి వేయండి. ప్రొపిడియం పొర చిరిగిన కణంలోకే వెళ్లి ఎర్రగా మెరుస్తుంది. పెప్టైడ్ లేని కంట్రోల్‌లో స్కాన్ చేసిన కణం ఎర్రబడితే ఆ డేటా పక్కన పడేయాల్సిందే. స్కాన్ చేయని పక్క కణాల్ని కూడా అదే ఫ్రేమ్‌లో చూపించండి. టిప్ వల్లో, బఫర్ వల్లో అప్పుడు తేలిపోతుంది.

నీటిబొట్టు

టిప్ కూడా చూసుకోండి. పాలీశాకరైడ్ అంటుకుంటే బొమ్మ మసకబారుతుంది, అంటుకునే బలం కొలతలన్నీ తప్పొస్తాయి. మొదట్లోనూ చివర్లోనూ గ్రేటింగ్ (కొలతలు ముందే తెలిసిన గీతల పలక) మీద స్కాన్ చేసి పోల్చండి. కణం రెండు పక్కలా కనిపించే వాలు చాలావరకు టిప్ పిరమిడ్ ఆకారమే. ఎత్తు నమ్మొచ్చు, వెడల్పు నమ్మకూడదు.

సిరిపురం_స్కాలర్

అందరికీ చాలా థాంక్స్. మెత్తటి కాంటిలీవర్లకి ఇండెంట్ పెట్టాను. జెలటిన్ మైకా ఈ రాత్రి ఆరబెడుతున్నాను. ఫ్లాజెల్లా లేని స్ట్రెయిన్ పక్క ల్యాబ్‌లో ఉందని తెలిసింది. కమిటీకి ఫిక్స్ చేసిన శాంపిల్ కూడా కంట్రోల్‌గా చూపిస్తాను, బతికున్నదాన్ని మాత్రం వదలను. కణజాలం గారూ, పెప్టైడ్‌ని లిక్విడ్ సెల్‌లోకి ఎలా పంపాలి? పైపెట్‌తో వేస్తే కణాలు లేచిపోతాయేమోనని భయం.

కణజాలం

పైపెట్ వద్దు. సిరంజి పంప్‌తో చాలా నెమ్మదిగా పంపండి. టిప్‌ని కొన్ని మైక్రాన్లు పైకి లేపి, పంపడం అయ్యాక మళ్లీ దించండి. పెప్టైడ్ ద్రావణం, సెల్‌లోని బఫర్ ఒకే ఉష్ణోగ్రతలో, ఒకే ఉప్పుతో ఉండాలి. ముందు పెప్టైడ్ లేని బఫర్‌నే అలా పంపి ఒకసారి స్కాన్ చేయండి, పేపర్‌లో ఆ బొమ్మ కూడా పెట్టండి.

డాల్ఫిన్స్‌నోస్_పెయింట్స్

అమ్మా, నీ పని అయ్యాక మెషీన్ ఖాళీగా ఉంటే చెప్పు. హార్బర్ నుంచి డయాటమ్‌లు తేవడానికి నేనూ బాబ్జీ రెడీ.

ఫిషింగ్‌హార్బర్_బాబ్జీ

తెస్తాం. సముద్రం నీళ్లతో సహా తెస్తాం, లేకపోతే దారిలోనే చచ్చిపోతాయి.